పదో వంతు

అడగకుండా గోడకు మేకు కొట్టిన మనిషి కాదు సమ్మయ్య. గోదావరిఖనిలో బొగ్గు బాయి పనికి కుదిరిన నాటి నుంచి రిటైరయ్యేదాకా కంపెనీ క్వార్టర్‌లోనే బతికాడు. ఇల్లు కంపెనీది, గోడలు కంపెనీవి. తలుపు కిర్రుమంటే కంపెనీ మనుషులే వచ్చి చూడాలి. బాయిలోనూ అంతే. కప్పు గట్టిగా ఉందని సర్దారు తట్టి చూసి చెప్పాకే దాని కింద అడుగు పెట్టాలి. అలా అడిగి అడిగి నడిచిన కాళ్లు అతనివి.

అందుకే పెద్దపల్లి పక్కన కొన్న జాగలో ఇల్లు కట్టడానికి పర్మిషన్ కోసం తిరుగుతున్నాడంటే చుట్టుపక్కలవాళ్లు నవ్వారు. ఆ ఊరు ఈమధ్యే మునిసిపాలిటీలో కలిసింది. అంతకుముందు అక్కడ ఇల్లు లేవాలంటే ఇసుక ట్రాక్టరు, ఒక మేస్త్రీ, ఒక మంచిరోజు ఉంటే చాలు.

"కట్టెయ్యన్నా, ఎవడొస్తడు? వచ్చిననాడు జూస్కుందాం," అన్నాడు పక్క జాగాయన.

"వచ్చిననాడు కూలగొడితె?"

"కూలగొట్టనిస్తమా?"

సమ్మయ్య తలకాయ ఊపాడు. ఒప్పుకున్నట్టు కాదు, విన్నట్టు.

ఇల్లు ముగ్గురికి. సమ్మయ్యకు, అతని భార్య లచ్చవ్వకు, వదినె శంకరవ్వకు. ఉన్న ఒక్క బిడ్డ మంచిర్యాలలో కాపురం చేసుకుంటోంది.

శంకరవ్వ సమ్మయ్య అన్న సిద్దిరాములు భార్య. సిద్దిరాములు బాయిలో కప్పు కూలి పోయాడు. అప్పటికి వాళ్లకు పిల్లలు లేరు. పోయినవాడి ఉద్యోగం ఇంట్లో ఒకరికి ఇస్తారు, ఎవరికివ్వాలో భార్య ఒప్పుకుని సంతకం పెట్టాలి. శంకరవ్వ మరిది పేరు చెప్పింది. సమ్మయ్యకు అప్పటికి మీసాలు కూడా సరిగ్గా రాలేదు. ఆ ఉద్యోగమే అతనికి పెండ్లి చేసింది, బిడ్డను సాకింది, ఇప్పుడు ఇంటికి ఇటుక కొంటోంది. ఈ సంగతి ఆ ఇంట్లో ఎవరూ నోటితో అనరు. పండుగనాడు మొదటి విస్తరి శంకరవ్వకు వేస్తారు, అంతే.

అందుకే ప్లాను గీసే ప్రణయ్ ముందు కూర్చున్నప్పుడు సమ్మయ్య ఒకే ఒక్క కోరిక కోరాడు.

"ముంగటి అర్ర జర పెద్దగ గియ్యి. దానికి రోడ్డు దిక్కు వేరే దర్వాజ ఉండాలె."

"కిరాయికా కాకా?" అన్నాడు ప్రణయ్. ఇంజనీరింగ్ చదివి, లైసెన్సు తెచ్చుకుని, బస్టాండు ఎదుట మేడ మీద కంప్యూటర్ పెట్టుకుని కూర్చున్న కుర్రాడు. తల ఎత్తకుండానే మాట్లాడతాడు కానీ పని మాత్రం ఎగ్గొట్టడు.

"కిరాయికి గాదు. మా వదినెకు. మోకాళ్ల నొప్పులు, మెట్లెక్కలేదు. ఆమె కోసం ఎవలన్న వస్తె మా నడింట్లకెల్లి రావద్దు. ఆమె పెత్తనం ఆమెకుండాలె."

సమ్మయ్య అంత పొడుగు మాట మాట్లాడి చాలా కాలమైంది. ప్రణయ్ తల ఎత్తి చూశాడు.

ఇక చక్కర్లు మొదలయ్యాయి. పొలం ఇండ్ల జాగగా మారిన కాగితం ఒకచోట, తనకు అమ్మినవాడికి అమ్మినవాడి దస్తావేజు ఒకచోట, జాగ మీద అప్పు లేదన్న సర్టిఫికెట్టు ఇంకోచోట. ఒకటి దొరికితే ఒకటి కావాలి. ఒకనాడు మునిసిపాలిటీ మనిషి జాగ చూడ్డానికి వచ్చి, నాలుగు మూలల నుంచి ఫోన్లో ఫొటోలు తీసుకుని, "నువ్వు గూడ నిలవడు పెద్దమనిషీ," అన్నాడు. పల్లేరుకాయల మధ్య సమ్మయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

అంతా అయిందనుకున్నప్పుడు ప్రణయ్ ఫోన్ చేశాడు. జాగ పెద్దది కాబట్టి కట్టబోయే ఇంట్లో పదో వంతు మునిసిపాలిటీ పేర తనఖా రాసివ్వాలి. ప్లానులో ఉన్నట్టే కడితే, కట్టినంక వచ్చి చూసి విడిపిస్తారు. ప్లాను తప్పి కడితే విడిపించరు.

"ఏ పదో వంతు?" అడిగాడు సమ్మయ్య.

"ఏదో ఒక దిక్కు గీసి చూపియ్యాలె కాకా. మీ ముంగటి అర్ర సరీగ్గ సరిపోయింది. వేరే దర్వాజ గూడ ఉన్నదాయె, ఆఫీసుల ఎవ్వలు కిరికిరి పెట్టరు. ఉత్త కాయితమే, ఫికర్ చెయ్యకు."

ముంగటి అర్ర అన్న మాట సమ్మయ్య చెవిలో పడి అక్కడే ఆగింది. కానీ క్వార్టర్ ఖాళీ చేయమని కంపెనీ కాగితం అప్పటికే వచ్చి ఉంది. ఇల్లు వానలకు ముందే మొదలు కావాలి. కుర్రాడు చదువుకున్నవాడు, ఉత్త కాగితమే అంటున్నాడు. సమ్మయ్య సరే అన్నాడు. ఇంట్లో మాత్రం ఎవరికీ చెప్పలేదు. దాచాలని కాదు. చెప్పడానికి ఎక్కడ మొదలు పెట్టాలో తెలియక.

రిజిస్ట్రేషన్ ఆఫీసుకు ఒక సాక్షిగా తిమోతిని తీసుకుపోయాడు, రెండో సాక్షి ప్రణయ్. తిమోతి అతనితో ఒకే షిఫ్టులో పని చేసినవాడు, కాలనీలో రెండు వరుసల అవతల ఉంటాడు, మెథడిస్టు చర్చిలో పెద్ద. నవ్వు రానివాణ్ణి కూడా నవ్వించకుండా వదలడు.

"అరే సమ్మయ్యా, మేం దశమ భాగం దేవునికిస్తం. నువ్వు మునిసిపాల్టీకి ఇస్తున్నవా? దేవుడంటె ఆశీర్వాదమిస్తడు. మరి వీళ్లేమిస్తర్రా?"

"పర్మిషన్."

తిమోతి ఆఫీసు మెట్లు దిగేదాకా నవ్వాడు. ఇంటికి పోయి భార్య రెబెకాకు చెప్పి మళ్లీ నవ్వాడు.

పర్మిషన్ సమ్మయ్య ఫోన్లోకి వచ్చింది. లచ్చవ్వ ఆ ఫోన్‌ను దేవుడి పటం ముందు పెట్టి అగరొత్తి ముట్టించింది. ఆ తర్వాతి ఆదివారం కూరగాయల అంగడిలో రెబెకా శంకరవ్వకు ఎదురుపడింది. మంచి మనసున్న మనిషే. తన మొగుడి జోకు ఆమెకూ నచ్చింది.

"శంకరవ్వా, నీ అర్రనేనటగదా మునిసిపాల్టీకి దశమ భాగమిచ్చింది!" అని నవ్వింది.

శంకరవ్వ కూడా నవ్వింది. బెండకాయలు కొనుక్కుని ఇంటికి వచ్చింది.

అంతకుముందు రోజూ పొద్దుగూకగానే ఆమె సమ్మయ్యను ఏదో ఒకటి అడిగేది. కిటికీ ఏ దిక్కు, పొద్దుటి ఎండ మంచం దాకా వస్తదా, బియ్యం డబ్బా పెట్టుకోను మూల ఉన్నదా. అతను ఒక్కో మాటతో జవాబు చెప్పేవాడు, ఆమెకు అది చాలు. ఆ ఆదివారం నుంచి అడగడం మానేసింది. రెండో నాడూ అడగలేదు. మూడో నాడు అటక మీది ఇనుప సందూక దింపించి, ఎండలో పెట్టి, లోపలి పాత చీరలు దులిపింది.

"యాడికక్కా?" అంది లచ్చవ్వ.

"కాగజ్‌నగర్‌ల మా తమ్ముడు రమ్మంటుండు. కొన్నొద్దులుంట."

"కొన్నొద్దులంటె?"

"ఉన్నన్నొద్దులు."

"కొత్తింట్లకు పోయే యాళ్లకు నువ్వు లేకుంటెట్ల?"

"మీరున్నరు గదా," అని సందూక మూత వేసింది.

ఆదివారం అంగడిలో ఏం జరిగిందో లచ్చవ్వ రెబెకాను అడిగి రాబట్టుకుంది. రాత్రి దాకా ఆగలేదు. బయట నల్లా దగ్గర చెప్పులు కడుక్కుంటున్న సమ్మయ్య ముందుకు పోయి నిలబడింది.

"నీకు సోయి ఉన్నదా? ఆమె అర్ర తాకట్టు పెట్టి ఆమెకు చెప్పకపోతివి. అంగడిల ఆడోళ్ల నోట ఇనాల్సొచ్చె."

"ఉత్త కాయితమన్నడు పోరడు..."

"గా మాట నాతోని గాదు, పోయి ఆమెతోని అను. ఆమె కాగజ్‌నగర్ పోతె మల్ల రాదు. నాకెర్క. ఆమె అలిగే మనిషి గాదు, పోయే మనిషి."

సమ్మయ్య లోపలికి పోయాడు. శంకరవ్వ చాటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతోంది. అతను గోడకు ఆనుకుని కూర్చున్నాడు. చాటలో రాళ్లు అయిపోయినా మాట రాలేదు.

"వదినె."

"ఊఁ."

"అది ఉత్త కాయితమే. ఇల్లయినంక ఇడిపిస్తరు."

శంకరవ్వ చాట పక్కన పెట్టింది.

"నీ అన్న పోయి దినాలు గాకముందే నన్ను ఆఫీసుకు తోల్కపోయిండ్రు. సంతకం పెట్టుమన్నరు. గిదేంది సారూ అని అడిగిన. ఉత్త కాయితమేనమ్మా, పెట్టు అన్నడు. పెట్టిన. గా కాయితంతోని నువ్వు బాయి దిగినవు. లచ్చవ్వ వచ్చింది, బిడ్డ పుట్టింది. ఉత్తదే అయితె మన పొయ్యి ఇన్నేండ్లు ఎట్ల మండె సమ్మయ్యా?"

సమ్మయ్య నేల మీద పడ్డ బియ్యం గింజ ఒకటి ఏరి చాటలో వేశాడు.

"నీ మీద కోపం లేదు. ఇంట్ల ఒకటి పోవాల్సొస్తె ముందుగల ఏది పోవాలె? నా అర్ర పోవాలె. గంతే గదా రాసింది. లోకంల గట్లనే రాస్తరు." మళ్లీ చాట అందుకుంది. "నువ్వు గట్ల రాస్తవనుకోలే."

మరునాడు పొద్దున్నే సమ్మయ్య బస్సెక్కాడు. ప్రణయ్ తల పట్టుకున్నాడు. "కాకా, రిజిస్ట్రేషన్ అయిపోయింది. మార్చాలంటె మేడమే ఒప్పుకోవాలె. పద, నేను గూడ వస్త."

టౌన్ ప్లానింగ్ చూసే శ్యామల మేడం బల్ల చుట్టూ జనం. ఒకరు గోడ జరిపారని ఫిర్యాదు, ఒకరు జరపలేదని జవాబు. ఆమె టిఫిన్ డబ్బా మూత తీసి ఉంది, తినడం మాత్రం కాలేదు. సమ్మయ్య వంతు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది.

"పర్మిషన్ ఇచ్చేసినం కదా పెద్దాయనా. మళ్లేంది?"

"తనఖా పెట్టిన అర్ర మార్చాలె మేడం."

"ఎందుకు? ఏదైతే ఏంది, ఇల్లయినంక విడిపిస్తం."

"అది మా వదినెది."

"అయితే?"

సమ్మయ్య బల్ల అంచు చూస్తూ నిలబడ్డాడు. వెనకనున్నవాళ్లు కదిలారు. ప్రణయ్ చెప్పబోతే మేడం చెయ్యి ఎత్తి ఆపింది.

"మా ఇంట్ల మొదటి మనిషి ఆమె," అన్నాడు సమ్మయ్య చివరికి. "కాయితంల ముందుగల పొయ్యేది ఆమెదే అని రాసిన. తప్పయింది."

శ్యామల టిఫిన్ డబ్బా మూత పెట్టేసింది. ఆమెకు ఆ బల్ల ముందు ఇల్లు పెంచుకునేవాళ్లు తెలుసు, పక్కవాడి ఇల్లు తగ్గించమనేవాళ్లు తెలుసు. ఇలాంటి అర్జీతో వచ్చినవాళ్లు గుర్తు రాలేదు. కంప్యూటర్ తన వైపు తిప్పుకుంది.

"మార్చొచ్చు. కానీ పాత తనఖా రద్దు చెయ్యాలె, ప్లాను మళ్ల పెట్టాలె, రిజిస్ట్రేషన్ మళ్ల కావాలె. అప్పటిదాక ముగ్గు పొయ్యొద్దు. వానలు పడతయి మరి."

"పడనియ్యి మేడం."

"ఆమె అర్ర బదులు ఏ అర్ర?"

"నాది."

ఆమె తెర మీద కొలిచింది. "మీ అర్ర చిన్నది, చాలదు. దాని పక్కన వంటిల్లు కలిపితే సరిపోతది." అని, చిన్నగా నవ్వింది. "ఆమెను అడిగిండ్రా?"

"ఎవలను?"

"వంటింటామెను. ముందు ఇంటికి పోయి అడిగి రాండ్రి. మళ్ల ఇంకొకలు అలిగితే నేను మార్చను."

సమ్మయ్య ఈసారి దారి పొడుగునా మాటలు కూర్చుకుంటూ వచ్చాడు. ఇంటికి వచ్చేసరికి అవన్నీ ఎక్కడో జారిపోయాయి.

"వంటిల్లు తనఖా పెట్టాలె," అన్నాడు.

లచ్చవ్వ చేతిలో గంటె ఉంది. "ఏంది?"

"మన అర్ర చాలదట. వంటిల్లు గూడ."

"నా వంటిల్లా? ఇన్నేండ్లు కంపెనీ పొగగూట్ల వండిన. ఒక్క మంచి వంటిల్లు అడిగితి. నువ్వు పండే అర్ర పెట్టుకో, నీ మంచం పెట్టుకో, నిన్ను పెట్టుకో. నా పొయ్యి మీద పడ్డవేంది?"

ఆమె కూర కలిపింది, మూత పెట్టింది, మూత తీసి మళ్లీ కలిపింది.

"అట్ల పెడితె అక్క అర్ర ఇడుస్తరా?"

"ఇడుస్తరు."

"పెట్టు మరి. మునిసిపాల్టోళ్లు వచ్చి కూసుంటె నాలుగు మెతుకులు వాళ్లకు గూడ వండుత, ఏం జేద్దాం. క్వార్టర్ ఖాళీ జేసి ఏడుందుం?"

"జాగల రేకులేద్దాం."

"వానలకా?"

"వానలకే."

"నీ అసొంటోణ్ణి జూసి నన్నెట్లిచ్చిండ్రో మా అవ్వ బాపు," అంది లచ్చవ్వ. కానీ ఆ రాత్రే సామాన్లలో తడిస్తే పాడయ్యేవి వేరే, తడిసినా ఫర్వాలేనివి వేరే చేయడం మొదలు పెట్టింది.

శంకరవ్వ ప్రయాణం శనివారానికి అనుకుంది. గురువారం సమ్మయ్య ఆమె మంచం దగ్గరికి పోయి నిలబడ్డాడు.

"వదినె, రేపు రిజిస్ట్రేషన్ ఆఫీసుకు రావాలె."

"నేనెందుకు?"

"సాక్షి."

"నీ తిమోతి లేడా?"

"ఇద్దరు కావాలె. వచ్చి సూడు. సూసినంక పోతె పో."

శంకరవ్వ వచ్చింది. ఉతికిన చీర కట్టుకుని, బల్ల మీద కూర్చుని, ముందుగా ప్లాను చూపించమంది. ప్రణయ్ పెద్ద కాగితం ఆమె ఒళ్లో పరిచాడు. తిమోతి దూరంగా నిలబడ్డాడు. తన జోకు ఎక్కడిదాకా పోయిందో అతనికి రెబెకా చెప్పి ఉంది, ఆ రోజు నోరు మెదపలేదు.

"నా అర్ర ఏది?"

"గిది పెద్దవ్వా. రోడ్డు దిక్కు."

"దీని మీద గీతల్లేవు."

"తీసేసినం. ఇప్పుడు తనఖా గీతలున్నది కాకా వాళ్ల అర్ర. గిది వంటిల్లు."

ఆమె వేలు వంటింటి మీద ఆగింది. గుమ్మం దగ్గర నిలబడ్డ లచ్చవ్వ వైపు చూసింది. లచ్చవ్వ అప్పుడే ఎండ గురించి ఎవరికో ఏదో చెప్పడంలో పడిపోయింది.

"గీ రెండు ఎప్పుడు పోతయి బిడ్డా?"

"పోవు పెద్దవ్వా. ప్లాను తప్పి కడితెనే."

"తప్పుడంటె?"

"ఇంటి సుట్టు జాగ ఇడువాలె గదా. గా జాగలకు గోడ జరిపితె తప్పినట్టు. చానమంది జరుపుతరు గని..."

"జరిపితె లచ్చవ్వ వంటిల్లు ఇడిపియ్యరు."

"ఇడిపియ్యరు."

శంకరవ్వ కాగితం మడత పెట్టింది. సాక్షి సంతకం చోట ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ తన పేరు రాసింది. బయటికి వచ్చాక తిమోతి అందరికీ చాయ్ తాగించాడు.

శనివారం కాగజ్‌నగర్ బండి వెళ్లిపోయింది. శంకరవ్వ ఎక్కలేదు. ఎక్కనని చెప్పలేదు కూడా.

క్వార్టర్ తాళంచెవి కంపెనీకి అప్పజెప్పి ముగ్గురూ జాగలో రేకుల షెడ్డులోకి వచ్చారు. వానలు మేడం చెప్పినట్టే పడ్డాయి. రేకుల మీద చినుకుల మోతకు ఒకరి మాట ఒకరికి వినపడేది కాదు. అది సమ్మయ్యకు ఇబ్బంది అనిపించలేదు. లచ్చవ్వ వానను, మునిసిపాలిటీని, మొగుణ్ణి వరసగా తిట్టేది. శంకరవ్వ మంచం కింద నీళ్లు పారుతుంటే కాళ్లు పైకి ముడుచుకుని, "తిట్టు చెల్లె, నిన్నటికన్న ఇయ్యాల తక్కువ తిట్టినవు," అనేది.

రెండోసారి పర్మిషన్ వచ్చిన వారానికి వాన తెరిపిచ్చింది. మేస్త్రీ వచ్చి తాడు పట్టాడు, టేపు పరిచాడు, సున్నంతో ముగ్గు పోస్తూ ఇంటి గీత దించాడు. పక్క జాగ దిక్కు వచ్చేసరికి వంగినవాడు నడుం ఎత్తి సమ్మయ్యను పిలిచాడు.

"అన్నా, గీ దిక్కు రెండు జానలు జరుపుతన్న. అందరు జరుపుకుంటరు. నీకు నడిల్లు ఇశాలమైతది."

సమ్మయ్య ఆ గీత వైపు చూశాడు. రెండు జానలు. రేకుల కింద ముగ్గురిలో ఒకడిగా ఇరుక్కుని పడుకున్న మనిషికి రెండు జానలంటే ఎంతో అప్పుడు తెలుసు. కాదని వెంటనే అనలేకపోయాడు.

"ఏయ్ మేస్త్రీ!"

శంకరవ్వ షెడ్డులో నుంచి లేచి, మోకాలు పట్టుకుని, బురదలో అడుగు చూసుకుంటూ వచ్చింది.

"కాయితంల ఎంతున్నది?"

"పెద్దవ్వా, నీ అర్ర ముంగట ఉన్నది. నీ అర్రకేం గాదు."

"నా అర్రకేం గాదని నాకెర్కనే. ఎనుక వంటిల్లున్నది. అది గనుక పోతె మా చెల్లె వచ్చి నా అర్రల పొయ్యి పెడుతది. పొద్దుమాపు పోపు వాసనకు నేను తుమ్మాల్నా? జరుపు ఎనుకకు."

షెడ్డులో లచ్చవ్వ పకపకా నవ్వింది. "పెడుతనే అక్కా! మిరపకాయ గూడ అండ్లనే ఏంచుత!"

మేస్త్రీ సమ్మయ్య ముఖం చూశాడు. సమ్మయ్య వదినె ముఖం చూశాడు.

"ఆమె చెప్పినట్టు పొయ్యి," అన్నాడు.

మేస్త్రీ సణుగుతూ కాలితో గీత చెరిపాడు. టేపు కొస పట్టుకోడానికి మనిషి కావలసి వచ్చింది. సమ్మయ్య వంగేలోపల శంకరవ్వే అందుకుంది. పట్టుకుని, సున్నం తన పాదాల మీద రాలుతున్నా కదలకుండా, గీత చివరిదాకా పోయేవరకు అక్కడే నిలబడింది.